తిరగేసి వేలాడదీసిన చీరలు

కొత్త నేతచీర మడత విప్పితే గంజివాసన వస్తుంది. దాని వెంటే హుసేన్ సాబ్ గుర్తుకొస్తారు. డెబ్బయ్యో దశకం చివర్లో ఆదోని పురపాలక చిత్రశాలకు ఆయన అధికారి, నేను సహాయకురాలిని. గోడల నిండా బొమ్మలుండేవి, చూసేవాళ్లే లేరు. పత్తి మార్కెట్టు నుంచి ఎండకు తాళలేక వచ్చినవాళ్లు ఫ్యాను కింద కాసేపు కూర్చుని పోయేవారు. సాబ్ వాళ్లకూ లేచి నమస్కారం పెట్టి, మంచినీళ్లిచ్చి, ఒక్క బొమ్మయినా చూపించందే వదిలేవారు కాదు. నాకు అదంతా చాదస్తంగా తోచేది.

చివరికి ఆ హాలును గోదాముగా మారుస్తామని కబురొచ్చింది. ఆదివారం మునిసిపల్ ఛైర్మన్‌గారు స్వయంగా చూసి తేలుస్తారట. సాబ్ గోడల వంక ఒకసారి చూసి నావైపు తిరిగారు.

"మీ ఎమ్మిగనూరు చీరలు గోడకేస్తాం బేటీ. మీ నాయన్ను, మీ వీధోళ్లనంతా రమ్మని సెప్పు."

"చీరలు చూసేదానికి ఎవరొస్తారు సాబ్?"

"నేసినోళ్లొస్తారు. వాళ్లెప్పుడన్నా ఈడికి వచ్చినారా?"

ఆదివారం పొద్దున, మా వీధి నుంచి తెప్పించిన చీరలన్నీ నేనే తగిలించాను. ఛైర్మన్‌గారు వచ్చిన కాసేపటికే మా వాళ్లు బస్సు దిగి, గుమ్మంలో చెప్పులు విడిచి లోపలికొచ్చారు. నాన్న గోడ చూసి నా చెవిలో, "పాపా, అన్నీ తిరగేసినావు కదే" అన్నాడు. మా పువ్వుల బుటా చీరలను మగ్గం మీద వెనకవైపు పైకి ఉండేలా నేస్తారు. పుట్టినప్పటి నుంచి నేను చూసింది ఆ వైపే, నా చేతులు దాన్నే ముందుకు వేశాయి. గోడంతా పోగుల కొసలు, ముడులు. నా పై ప్రాణాలు పైనే పోయాయి.

సాబ్‌తో చెప్పి తీసేయబోయాను. ఆయన చెయ్యి అడ్డుపెట్టి నాన్నను పిలిచారు.

"అన్నా, ఈ ముడి ఎవరిదో సెప్పగలవా?"

నాన్న వేలితో తడిమి చూశాడు. "ఇది మా తమ్మునిది సాబ్. వానిది ఎడమసెయ్యి వాటం. ఇదో, ఈడ పోగు తెగితే మళ్లా కలిపినాడు."

వెనక నిలబడ్డ చిన్నాయన సిగ్గుపడి నవ్వాడు. అంతే, వీధి వీధంతా ఎవరి ముడులు వాళ్లు వెతుక్కోసాగారు. ఫ్యాను కిందివాళ్లు కూడా లేచొచ్చారు. ఛైర్మన్‌గారు నాన్న వెంట తిరుగుతూ గంటసేపు ప్రశ్నలడిగి, పోయేముందు, "గోదాముకు ఇంకో చోటు చూసుకుంటాంలే సాబ్" అన్నారు. మేం గెలిచాం. అంత సంతోషం నేను మళ్లీ ఎరగను.

ఆ తర్వాత కుమ్మరుల కుండలు, హొళగుంద కంబళ్లు కూడా ఆ గోడలెక్కాయి. చేసినవాళ్లు ముందు వచ్చేవారు, వాళ్ల వెంట ఊరొచ్చేది.

ఇప్పటికీ చీర కొనేటప్పుడు ముందు తిరగేసి చూస్తాను. "ఆ పక్క కాదమ్మా" అంటాడు దుకాణంలో అబ్బాయి.

"ఈ పక్కే నాయనా" అంటాను.