పట్టు వదిలి వెళ్లేది తల్లే

పొద్దున ఆటోనగర్‌లో మా స్పేర్ పార్టుల షాపు షట్టర్‌కి తేనెటీగల గుంపు వేలాడుతోంది. పొగ పెట్టబోయిన మా అమ్మాయిని ఆపాను.

మన చిన్నప్పుడు కొందరి పెరళ్లలో తేనెపెట్టెలుండేవి, గుర్తుందా? మూత తీస్తే మైనం వాసన! ఓసారి మా పెట్టెలోంచి సగం ఈగలు ఎగిరిపోతుంటే ఏడ్చేశాను.

"పెట్టె ఇరుకైందే. కొత్త రాణి పుడుతోందని, పట్టంతా దానికొదిలేసి తల్లే వెళ్తోంది," అంది నాయనమ్మ.

"ముసలిదా?"

"కొత్తచోట నెగ్గుకురావడం తెలిసింది దానికే కదే!"

మధ్యాహ్నానికి గుంపు ఎగిరిపోయింది. మా ఇద్దరికీ ఈ షాపు ఇరుకైందని, కొండపల్లిలో తెరవబోయే కొత్తదానికి అమ్మాయిని పంపాలని నిన్నటిదాకా అనుకున్నాను. ఇప్పుడు ఈ షాపు తాళాలే దాని చేతిలో పెట్టాను.

"మరి నువ్వమ్మా?"

"సగం సరుకు సర్దవే. కొండపల్లికి నేనెళ్తున్నా."