బ్రేకు లైట్లు వెలిగినా ఆగని లారీ

పన్నెండేళ్లు బస్సులో నిలబడి టికెట్లు కొట్టింది. మోకాళ్లు మొరాయించాక ఆమెను కెమెరాల గదికి మార్చారు. అక్కడ కూడా అందరికీ కండక్టరమ్మే. ఊళ్లోని కూడళ్లన్నీ గోడమీది తెరల్లో కనిపిస్తాయి. ఎర్రలైటు దాటిన బండి నంబరు రాసుకోవడం ఆమె పని. సిగ్నళ్ల జోలికి మాత్రం పెద్దసారు చెప్పందే పోకూడదు.

ఆ రోజు పొద్దున పదిన్నరకు పెద్దసారు మీటింగులో ఉన్నాడు. వాలురోడ్డు తెరలో ఒక ఇటుకల లారీ కిందికి దిగుతోంది. వెనక బ్రేకు లైట్లు వెలుగుతున్నాయి, బండి మాత్రం నెమ్మదించడం లేదు. కండక్టరమ్మ కుర్చీలోంచి లేచింది.

"దానికి బ్రేకులు పోయాయి!"

పక్క సీటు ఆపరేటరు ఫోనందుకున్నాడు. "ఉండక్కా, సారుని అడుగుతా."

"సారు ఫోనెత్తేలోపు కొంపలంటుకుంటాయి!"

సిగ్నళ్ల మీట నొక్కేసింది. లారీకి పచ్చ, మిగతా దారులన్నిటికీ ఎరుపు. మొదటి కూడలి దాటింది. రెండోదీ దాటింది. మూడోదాంట్లో, సరిగ్గా నడిమధ్యన, నిండు బస్సొకటి ఆగి ఉంది.

వైర్‌లెస్ అందుకుంది. "తమ్ముడూ, ఆ బస్సు కదిలించు! బ్రేకుల్లేని లారీ వస్తోంది!"

"ఎవరు మాట్లాడేది?" అన్నాడు అక్కడి కానిస్టేబులు.

"ఎవరైతే నీకెందుకు నాయనా, ముందు బస్సు!"

అతను పరిగెత్తి బస్సు రేకును దబదబా బాదడం తెరలో కనిపించింది. బస్సు వెంట్రుకవాసిలో తప్పుకుంది. కానీ ఎరుపు దగ్గర విసిగిపోయిన స్కూటరతను ఒకడు ముందుకు దూకాడు. లారీ అంచు తగిలి ఎగిరిపడ్డాడు. తెరకు చప్పుడుండదు. ఆమె మాత్రం చెవులు మూసుకుంది.

ఆ ముందున్న వంతెన ఎత్తు ఎక్కలేక లారీ ఈడిగిలపడి ఆగింది.

మర్నాడు మెమో వచ్చింది: ఎవరి అనుమతితో సిగ్నల్ మార్చారు? "అడిగే టైము లేదు" అని రాసిచ్చింది. పెద్దసారు చదివి, సంతకం పెట్టాడు. "స్కూటరతను ఎరుపులో వచ్చాడు, నీ తప్పేం లేదు" అన్నాడు అంతే.

అయినా ఆమెకు ముద్ద దిగలేదు. ఆదివారం ఆస్పత్రికి వెళ్లింది. అతనికి కాలు విరిగింది.

"ఆ లారీకి దారివ్వాలని ఎరుపు పెట్టింది నేనే" అంది మంచం పక్కన నిలబడి.

"ఈయనకెప్పుడూ తొందరేనమ్మా, మా పెళ్లికి కూడా ముహూర్తానికి ముందే వచ్చాడు" అంది అతని భార్య.

అతను నవ్వలేదు. కట్టు వంక చూశాడు.

"లారీ డ్రైవరు బతికాడా?"

"బతికాడు."

"సరే" అని కళ్లు మూసుకున్నాడు.