కాగితం వీపు చదివిన కాకా

మిత్రులారా, ఒక అసలైన జర్మన్ సైనిక పురస్కార పత్రాన్ని నాశనం చేసింది నేను. నింద మోసింది కాకా. ఆ నింద దిగకుండానే మొన్న సోమవారం ఆయన గుండె ఆగిపోయింది. ఒమాన్‌లో, ఈ నిజ్వా సూక్ (బజారు)లోని పాతవస్తువుల దుకాణంలో ఇరవై ఏళ్లు పనిచేసిన ఆయన మా రూమ్‌లో అందరికీ కాకా.

కాకాకు జర్మన్ రాదు. ఇంగ్లీషూ అంతంతే. అయినా యుద్ధకాలపు పత్రానికి ధర చెప్పే ముందు అర్బాబ్, అంటే దుకాణం యజమాని, ఆయన ముఖమే చూసేవాడు. కాకా కాగితాన్ని తిప్పి, టైపుమిషను అక్షరాలు వెనక్కి పొడుచుకొచ్చాయా అని కళ్లు మూసుకుని తడిమేవారు. వాసన చూసేవారు. చివరికి దొంగనోట్లు పట్టే నీలం లైటు కింద పెట్టేవారు. తెల్లగా మెరిసిందా, కొత్త కాగితం, నకిలీ.

"ముంగట ఎవడన్న అబద్ధం రాస్తడు. వీపు మీద రాయస్తదా?" అనేవారు.

అదే దుకాణంలో సామాన్లు సర్దే నాది కరపత్రాలు చదివి వేడెక్కిన బుర్ర. ఒకరోజు దుకాణంలోనే అరిచాను. "హిట్లర్ కాలపు కాగితానికి విలువ కట్టడం సిగ్గుచేటు కాకా!"

"నేను హిట్లర్‌కు కడుతున్ననారా? దెబ్బ తాకిన సిపాయికి ఇచ్చిన కాగితమిది. అసలుదా, కాదా, గంతే నా డ్యూటీ."

"మరి ఈ దుకాణానికి రాకముందు, బిల్డింగ్ సైట్ మీద నీ వేలు తెగితే కంపెనీ ఏ పత్రమిచ్చింది?"

"ఎందుకియ్యలే? మూడు దినాలు డ్యూటీకి రాలేదని మెమో ఇచ్చింది. దాసిపెట్టిన. అసలుదే."

దుకాణమంతా నవ్వింది, నేను తప్ప.

తర్వాత సిగ్గేసింది. మరుసటి శుక్రవారం కాకా చాయ్‌కి వెళ్లినప్పుడు, క్షమాపణగా ఆ పత్రాన్నే పక్క టైపింగ్ సెంటర్‌కు తీసుకెళ్లి లామినేషన్ చేయించాను. పదో తరగతి సర్టిఫికెట్ నుంచి వీసా నకలు దాకా, విలువైన ప్రతిదానికీ మనం చేసేది అదే కదా!

కాకా తిప్పి తడిమారు. వేలు నున్నగా జారింది.

"ఏం జేసినవ్‌రా పోరడా! గిప్పుడు దీని వీపెట్ల జూడాలె?"

అర్బాబ్ వచ్చి నిప్పులు చెరిగాడు. "మేరా గల్తీ, అర్బాబ్," అని కాకా తప్పు తన మీద వేసుకున్నారు. రోజూ న్యాయం గురించి గొంతు చించుకునే నేను నోరు మెదపలేదు. ఆయన్ను కాగితాల దగ్గరి నుంచి తప్పించి చాయ్ పెట్టే పనికి వేశారు. కాకా ఆ పత్రాన్నే ట్రే చేసుకుని కప్పులు పట్టుకొచ్చేవారు. "చాయ్ ఒలికినా పాడుగాదు. మంచి పనే జేసినవ్‌పో!" అని నన్నే ఓదార్చేవారు.

ఈ శుక్రవారం సాయంత్రం అయిదు గంటలకు ఆ దుకాణం ముందుకు రండి. అర్బాబ్ ఎదుట నా తప్పు ఒప్పుకుంటాను. మీరు నిలబడకపోతే నా నోరు మళ్లీ మూతపడుతుందేమో! ఆ పత్రం ఇంకా బల్ల మీదే ఉంది. జర్మన్ అధికారి సంతకం చుట్టూ కాకా పెట్టిన ఆఖరి కప్పు మరక, గుండ్రంగా. ఎవరూ తుడవకండి. అది అసలుదే.