నొప్పి తెలియని కాలు

ఆసుపత్రిలో షుగరు పుండ్లకు కట్లు కట్టే భీమక్కకు "నొప్పి లేదక్కా" అన్న మాట వింటే ఒళ్లు మండుతుంది. ఎవరొచ్చినా పలకరింపు కంటే ముందు అరికాలిని బొటనవేలితో నొక్కి మొహంలోకి చూస్తుంది. ఆ రోజు బండల ఫ్యాక్టరీలో పనిచేసే ఓబులేష్ చీము కారే కాలితో నవ్వుతూ వచ్చాడు. "నొప్పే తెలీని మొగోడని మా ఓనరు నన్ను అందరికీ చూపిస్తాడక్కా." భీమక్క ఆ పుండులోంచి తుప్పు పట్టిన మేకు పీకి అతని అరచేతిలో పెట్టింది. "ఇది చూపించమను మీ ఓనర్ని! నరం చచ్చింది నీకు. నరం కేకేస్తేనే గదప్పా, నెత్తుట్లో తెల్లకణాలు ఆడికి బిరబిరా పరిగెత్తి పుండు మాన్పేది! మొగతనమంట, మొగతనం!" ఓబులేష్ నవ్వు ఆగిపోయింది. మేకు మీంచి చూపు తిప్పకుండానే, "రెండో కాలన్నా నొక్కి చూడక్కా" అన్నాడు. భీమక్క అప్పటికే దాన్ని గట్టిగా నొక్కుతోంది.