నేను తీయించిన అధ్యాయం

విజయనగరంలో రాజనీతిశాస్త్రం చెప్పే రోజుల్లో నా దగ్గర ఒక అమ్మాయి పీహెచ్‌డీ చేసింది. నెల్లిమర్ల పిల్ల. తండ్రి జూట్‌మిల్లు కార్మికుడు. పాఠం చెప్పేవాడి స్వేచ్ఛను ఏ దేశ రాజ్యాంగం ఎంతవరకు కాపాడుతుందన్నది ఆమె పరిశోధన. జర్మనీ, జపాన్, దక్షిణాఫ్రికా రాజ్యాంగాల్లో ఆ హక్కు పేరుపెట్టి రాసి ఉంది. మనకు విడిగా లేదు. భావప్రకటన స్వేచ్ఛలోనే దాన్ని వెతుక్కోవాలి.

నాలుగు అధ్యాయాలు అలా సాగాయి. అయిదోది నేను అడగనిది. మా జిల్లాలోనూ పక్క జిల్లాలోనూ బస్సుల్లో తిరిగి లెక్చరర్లతో మాట్లాడింది. పరీక్షలో ఒక ప్రశ్న ఇచ్చినందుకు సంజాయిషీ రాసుకున్న ఆయన, తను పెట్టిన సెమినార్ రోజున హాలుకు తాళం వేసి ఉండడం చూసిన ఆవిడ, ఇలా అందరి మాటలూ పేర్లు లేకుండా రాసింది.

అది చదివి భయపడ్డాను. నా ప్రొఫెసర్ ఇంటర్వ్యూ దగ్గర పడింది.

"ఇది తీసేయమ్మా. మిగతా నాలుగూ చాలు," అన్నాను.

"ఎవరైనా ఏటైనా అన్నారా మాస్టారూ?"

"ఎవరూ అనలేదు. అనకముందే మనం చూసుకోవాలి కదా."

కాసేపు కాగితాలు సర్దుతూ కూర్చుంది. "ఆళ్ళు నన్ను నమ్మి సెప్పారు. ఇప్పుడు ఆళ్ళకి ఏటి సెప్పాలి?"

నా మాట మీదే తీశావని వాళ్లకు చెప్పమనాల్సింది. "పుస్తకం వేసినప్పుడు పెడదాంలే," అన్నాను. ఆ పుస్తకం రాలేదు.

వైవా రోజు బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు అడిగాడు. "ఇన్ని దేశాల సంగతి రాశావు. మన కాలేజీల గురించి ఒక్క పేజీ లేదేమిటి?"

ఆమె నా వైపు చూసింది. నేను మంచినీళ్ల గ్లాసు అందుకున్నాను.

"నాకు తోచలేదండి," అంది.

ఆయన దాన్ని లోపంగా రాసుకున్నాడు. ఆమెకు డిగ్రీ వచ్చింది. నాకు ప్రమోషన్ వచ్చింది.

రిటైరయ్యాక పాతపట్నంలో ఆమె పనిచేసే కాలేజీకి వెళ్లాను. టీ తెప్పించింది. వైవాలో నోరు విప్పనందుకు క్షమించమన్నాను.

"అప్పుడు మీ మీద కోపం రాలేదు మాస్టారూ. ఇప్పుడొస్తాది. నా దగ్గర పిల్లలు ఏటైనా గట్టిగా రాస్తే నాకే భయమేస్తాది. ఆపేస్తన్నాను. అప్పుడు మీరు గుర్తొస్తారు."

టీ తాగి లేచాను. ఆమె బస్టాండు దాకా వచ్చి, కిటికీ పక్క సీటు చూసి నన్ను కూర్చోబెట్టి, క్లాసుందని వెళ్లిపోయింది.