ఫిరంగి బండి ఎడ్లు

తొడ ఎముక విరిగి, కర్నూలు దవాఖానలో రాడ్డు వేయించుకున్నాక నన్ను మా ఊరికి తీసుకెళ్లలేదు. ఇటిక్యాల దగ్గర మా ఇంట్లో కుర్చీ మీదలా కూర్చునే మరుగుదొడ్డి లేదు. గద్వాలలో తమ్ముడు కట్టుకున్న కొత్తింట్లో ఉంది. అంతే, నా మకాం అక్కడికి మారింది. మనిషి ఎక్కడ ఉండాలో చివరికి తేల్చేది మరుగుదొడ్డే అని అప్పుడు తెలిసింది.

హాల్లో ఒక గోడకు నా మంచం. ఎదుటి గోడకు ఆ పటం. మంచమంత పొడుగు రేకు మీద అచ్చు వేసిన యుద్ధం అది. ఎర్ర కోట్లు తొడుక్కున్న తెల్లవాళ్లు, తలపాగాల సిపాయిలు, పగిలిన కోటగోడ, అంతటా పొగ. తమ్ముడు ప్లాట్ల వ్యాపారం చేస్తాడు. వనపర్తిలో ఎవరో పెద్దమనిషి ఇంట్లో ఇలాంటిది చూసి మనసుపడి ఆన్‌లైన్‌లో తెప్పించాడు. ఏ యుద్ధమో వాడికి తెలియదు. నన్ను చూడటానికి వచ్చిన చుట్టాల్లో ఒకరు అది గద్వాల కోటే అన్నారు, ఇంకొకరు కాదు, కర్నూలు కోట అన్నారు. ఓడిపోతున్నది మనవాళ్లని మాత్రం ఎవరూ అనలేదు. నేనే అన్నాను. చాయ్ చల్లారిపోతోందని తమ్ముడు మాట మార్చాడు.

నాకు పక్కకు తిరగడం కుదరదు. కాలికి అటూ ఇటూ దిండ్లు. కళ్లు తెరిస్తే యుద్ధమే. పొద్దున కిటికీలోంచి ఎండ పడితే రేకు మెరిసి సగం సైన్యం మాయమయ్యేది. మధ్యాహ్నం వేడికి టక్కుమని చప్పుడు చేసేది. సాయంత్రం ట్యూబులైటు వేస్తే రేకులో కోటగోడ పక్కన నా మంచం, దాని మీద నేను మసకగా కనిపించేవాళ్లం. కోటలో చిక్కుకున్నవాళ్లకైనా చుట్టూ వాళ్లవాళ్లే ఉంటారు కదా అనిపించేది. మరదలిని తప్పు పట్టడానికి లేదు. వేళకు అన్నం పెట్టేది, టీవీ రిమోట్ కూడా నా చేతికే ఇచ్చేది. అయినా బాత్రూముకు పోవాలంటే ఇంకొకరి భుజం పట్టుకోవాల్సిన బతుకు. ఎవరు పలకరించినా కసురుకునేవాణ్ని.

పటంలో ఒక మూలకు, పొగ కింద, ఒక ఫిరంగి బండి ఉంది. దాన్ని ఎడ్లు లాగుతున్నాయి. వచ్చిపోయేవాళ్లందరూ గుర్రం మీద కత్తి దూసిన దొరను చూసేవాళ్లు. నా చూపు మాత్రం ఎడ్లను వదిలి కదిలేది కాదు. ముందు జతలో ఎడమవైపు కట్టిన దాపటెద్దు మోకాళ్ల మీద కూలబడింది. ముకుతాడు బిగిసి మూతి పైకి లేచింది. అది లేవబోతోందో, ప్రాణమే పోతోందో బొమ్మ వేసినవాడు తేల్చలేదు. పక్కన ఒక సిపాయి కొరడా ఎత్తి ఉన్నాడు.

నాకూ ఇంటి దగ్గర ఒక జత ఉంది. ఊరంతా ట్రాక్టర్లు వచ్చాయి గానీ, వేరుశనగ సాళ్ల మధ్య గుంటక తోలడానికి నాకు ఎడ్లే కావాలి. అవసరం కన్నా అది నా ఇష్టం, ఒప్పుకుంటాను. నేను పడ్డప్పటి నుంచి వాటి మేత, నీళ్లు, పేడ అన్నీ నా భార్య మీదే పడ్డాయి. వాటిని పెబ్బేరు సంతకు తోలేద్దామని తమ్ముడు మొదటి వారమే మొదలుపెట్టాడు. నేను లేచేసరికి చాలాకాలం పడుతుందట, లేచినా నాగలి పట్టలేనట. మాట నిజమే. నిజం కాబట్టే ఒళ్లు మండింది. ఎడ్లు కొట్టంలో ఉన్నంతకాలం నేను కాలు బాగుచేసుకుంటున్న రైతును. అవి పోతే ఈ మంచం మీద మనిషిని, అంతే. నా భయమంతా అదే. వద్దంటే వద్దన్నాను. రోజూ భార్యకు ఫోన్ చేసి అవి మేశాయా, నీళ్లు తాగాయా అని అడిగేవాణ్ని. ఆమె ఆఁ అనేది.

దసరా నాడు మరదలు బైకుకూ, మిక్సీకీ, నీళ్ల మోటారుకూ కుంకుమ పెట్టింది. ఇన్ని కత్తులు, తుపాకులు ఉన్న పటాన్ని వదిలేస్తే బాగుండదని స్టూలెక్కి దానికీ పెట్టింది. ఒక బొట్టు ఫిరంగి మూతికి, ఒకటి దొర నుదుటికి. చాలా రోజుల తర్వాత కడుపుబ్బా నవ్వాను. ఎడ్లకు కూడా పెట్టమన్నాను.

"యాడున్నయి బావా ఎడ్లు?" అంది.

ఇన్నాళ్లూ రోజూ ఆ రేకు తుడిచింది తనే. వేలితో దారి చూపించి పెట్టించాను. కూలబడ్డదాని మొహమంతా కుంకుమ అయింది.

ఆ మధ్యాహ్నం నా భార్య భక్ష్యాలు మూటగట్టుకుని బస్సులో వచ్చింది. కుడిచేతికి గుడ్డ చుట్టి ఉంది. నీళ్లకు తోలుకెళ్తుంటే ఎద్దు బెదిరి లాగిందట, పగ్గం అరచేతిని కోసేసిందట. ఫోన్లో ఎందుకు చెప్పలేదని అడిగితే, చెప్తే లేచి వస్తావా అంది. మాట మార్చడానికి పటంలో కూలబడ్డ ఎద్దును చూపించాను, పాపం ఎలా కొడుతున్నాడో చూడమన్నాను. ఆమె లేచి పటం దగ్గరికి వెళ్లింది. చాలాసేపు చూసింది.

"నీకు ఎడ్లే గానొస్తున్నయా? ఎనక చక్రం నూకుతున్నోళ్లు గానొస్తలేరా?"

బండి చక్రం వెనక, పొగలో సగం కలిసిపోయి, తలకు గుడ్డ చుట్టుకున్న బక్క మనిషి ఒకరు చక్రపు ఆకులకు భుజం ఆనించి నెడుతున్నారు. ఆడో మగో తెలియదు. రోజంతా ఆ మూలనే చూసే నాకు ఆ మనిషి ఒక్కసారి కూడా కనిపించలేదు. సిగ్గు వేయాల్సింది, కోపం వచ్చింది. ఎడ్లను అమ్మమంటున్నావా అని గట్టిగానే అడిగాను.

"నేను అమ్మమంటలేను. రేపు నేను గూడ పడ్డనంటే నన్ను ఎవరు జూస్తరు? జర గది జెప్పు."

ఆమె ఏడవలేదు, గొంతు కూడా పెంచలేదు. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. నేను ఆమె మొహం వైపు చూడలేక, శనివారం సంతకు తోలుకుపొమ్మని గోడకు చెప్పాను.

ఆ శనివారం ఫోన్ గుండె మీద పెట్టుకుని పడుకున్నాను. ట్రాలీలో తమ్ముడు కుదిర్చిన మనిషితో పాటు ఆమె కూడా సంతకు వెళ్లింది. ఎండ తగ్గే వేళకు ఫోన్ మోగింది. ధర చెప్పబోయింది, వద్దన్నాను. సంతలో ఎడ్లను కొనేవాళ్లు రెండు రకాలు, దున్నుకోవడానికి కొనేవాళ్లు, కసాయి కోతకు కొనేవాళ్లు. నాకు కావలసింది ఆ ఒక్క మాటే.

"కొన్నోడు సేద్యగాడేనా?" అన్నాను.

అవతలి నుంచి ముందు సంత గోలే వినిపించింది, ఎవరో బేరమాడుతున్నారు.

"ఆఁ, సేద్యగాడే. అమరచింత దిక్కోడంట" అంది.

ఇప్పుడు కర్ర పట్టుకుని నడుస్తున్నాను. బస్సు కూడా ఎక్కగలను. అమరచింత ఏమంత దూరం కాదు. పోయి, ఎవరి కొట్టంలో ఉన్నాయో కనుక్కుని, ఒకసారి చూసి రావచ్చు. ఇంతవరకు పోలేదు. ఆమెను మళ్లీ అడగనూ లేదు.