రెబెక్కమ్మ కొసరు

రెబెక్కమ్మ దగ్గర పది తాటాకు బుట్టలు కొంటే పదకొండు ఇంటికి వచ్చేవి. వద్దన్నా ఊరుకునేది కాదు. "కొసరెయ్యకుండా ఇస్తే అదేం బేరం నాయనా, కక్కుర్తి గాకపోతే" అనేది. జువ్వలదిన్నెలో మిషన్ బడి పంతులుగా పదేళ్లు ఆమె పక్కింట్లో ఉన్నాను. మా ఇంట్లో కొసరు బుట్టలే ఏడు ఉండేవి.

సముద్రానికి పోయిన ఆమె భర్త తిరిగి రాలేదు. అప్పటినుంచి బుట్టలల్లి బతికింది, తనలాంటి మరో పదముగ్గురికి ఆ పని నేర్పింది. తుఫాన్ల నెలల్లో పడవలు ఒడ్డునే ఉంటాయి. అప్పుడు పొయ్యి వెలగాలంటే ఆడవాళ్ల చేతిపనే దిక్కు. ఆ బుట్టలు కొనేవాళ్లేమో బోగోలు, కావలి దాటి లేరు.

1961లో మద్రాసు ఎగుమతి కంపెనీ ఒకటి ఆ బుట్టలు చూసి ముచ్చటపడింది. జర్మనీలో ఒక దుకాణానికి, క్రిస్మస్ అమ్మకాల కోసం రెండు వందలు కావాలన్నారు. నచ్చితే ఏటా రెండు వేలు. అంటే ఆ పద్నాలుగు ఇళ్లకూ ఇక ఆకలి నెలలు ఉండవు. రెబెక్కమ్మ ప్రార్థన కూటంలో నిలబడి ఆ సంగతి చెబుతూ ఏడ్చేసింది.

బుట్టలు ఒకదానిలో ఒకటి దూర్చి, గోనెల్లో పెట్టి కుట్టి బండెక్కించాం. మద్రాసులో ఎవరూ విప్పి చూడలేదు. జర్మనీ రేవులో విప్పారు. సరుకు వెంట పంపిన కాగితంలో రెండు వందలు, గోనెల్లో రెండు వందల ఇరవై. కాగితంలో లేని సరుకు ఎలా వచ్చిందని అక్కడి అధికారులు మొత్తం ఆపేశారు. బుట్టలు దుకాణానికి చేరేసరికి క్రిస్మస్ వెళ్లిపోయింది.

కారణం చెప్పమని దుకాణం నుంచి ఉత్తరం వచ్చింది. చదివి వినిపించాను.

"తక్కువ పంపిస్తే కోపం గానీ, ఎక్కువ పంపిస్తే కోపమేంది అబ్రహామూ?"

"వాళ్లకు కాగితమే మాట అక్కా."

"మొదటి బేరం గదా. ఒట్టి లెక్కకు ఎట్టిచ్చేది? కొసరని రాయి, వాళ్లే తెలుసుకుంటారు."

రాయవలసింది అదే. మన సంతలో కొలిచినంతే ఇచ్చేవాణ్ణి పిసినారి అంటారు. ఆ దేశంలో రాసినంతే ఇచ్చేవాణ్ణి పెద్దమనిషి అంటారు. ఆ ముక్క అప్పుడు నాకు తట్టలేదు. ఊళ్లో ఇంగ్లీషు వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణేనన్న పొగరు మాత్రం దండిగా ఉండేది. అడగకుండా ఇచ్చామంటే దొంగ సరుకో లంచమో అనుకుంటారని భయపడ్డాను. లెక్క తప్పిందని ఒప్పేసుకుంటే గొడవ వదులుతుందన్నాను.

"తప్పలేదే. మూడుసార్లు ఎంచినాను."

"ఆ పదముగ్గురి కోసమైనా సంతకం పెట్టక్కా."

చివరికి నేను రాసిన ఉత్తరం కింద వంకర అక్షరాలతో పేరు రాసింది. అబద్ధానికి సంతకం పెట్టడం ఆమె బతుకులో అదే మొదలు. పెట్టించింది నేను.

మార్చిలో జవాబు వచ్చింది, నాలుగే వరుసలు. బుట్టలు చాలా బాగున్నాయట. నిజం ఒప్పుకున్నందుకు సంతోషమట. అయితే రెండు వందలు సరిగ్గా లెక్కపెట్టలేనివారికి రెండు వేల ఆర్డరు ఇవ్వలేమట.

మా వాకిట్లో పద్నాలుగు మందీ కూర్చుని ఉన్నారు. తెలుగులో చెప్పక తప్పలేదు. వాళ్లు నన్ను నాలుగు తిట్టినా బాగుండేది.

రెబెక్కమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. "ఇంకోసారి రాయి నాయనా. ఇకమీదట కొసరెయ్యం, అడిగినన్నే పంపిస్తామని చెప్పు. నేర్చుకుంటామని చెప్పు."

రాశాను. ఎండాకాలంలో ఒకసారి, వానలు పడ్డాక ఒకసారి మళ్లీ రాశాను. అక్టోబరులో పడవలు ఒడ్డెక్కాయి. జవాబు రాలేదు.